50 ఎంఎం దగ్గర ఆగిన చూపు

పరీక్షలు తప్పిన విద్యార్థి, కొండ పల్లెలో తాత్కాలిక టీచరు, స్టూడియోలో కెమెరా మోసే అసిస్టెంటు... ఇవన్నీ దాటి ప్రపంచం మెచ్చిన దర్శకుడయ్యారు యసుజిరో ఓజు. ఆయన తన గొప్ప సినిమాలను దాదాపు ఒకే లెన్సుతో తీశారు. తన చూపుకి ఏ లెన్సు సరిపోతుందో ఆయనకు ఎలా తెలిసింది? మీ చూపుకి సరిపోయేదేదో మీరెలా తెలుసుకోవచ్చు?

మీ ఫోన్లో కెమెరా ఓసారి తెరవండి. కింద అంకెలు కనిపిస్తాయి. 0.5, 1, 2, కొన్నింట్లో 3, 5 కూడా. వేలితో నొక్కితే చాలు, ఎదురుగా ఉన్నది దగ్గరికొస్తుంది, లేదా దూరం జరుగుతుంది. డబ్బులు కూడబెట్టి కెమెరా కొనుక్కున్నవాళ్లకైతే ఇంకో తలనొప్పి. కెమెరాతో వచ్చిన 18-55 చాలదంటారు ఒకరు. 85 లేనిదే పోర్ట్రెయిట్ రాదంటారు మరొకరు. కొనాల్సిన లెన్సుల జాబితా పెరుగుతూనే ఉంటుంది, జేబు మాత్రం పెరగదు.

ఉద్యోగాల వేటలోనూ మీ పరిస్థితి ఇంచుమించు ఇదే కదా! ఈ కోర్సు, ఆ సర్టిఫికెట్, ఇంకో సాఫ్ట్‌వేర్... అన్నీ వచ్చి ఉండాలన్న ఒత్తిడి. ఇన్నింటిలో నాకు నప్పేది ఏదని అడుగుదామన్నా తీరిక ఉండదు. అందుకే ఈ జపాన్ దర్శకుడి కథ మీకు చెప్పాలనిపించింది. ఆయనకి కెమెరాలకు, లెన్సులకు కొదవ లేదు. దేశంలోనే పెద్ద స్టూడియో ఒకటి ఆయన వెనకుంది. అయినా తిరిగి తిరిగి ఒకే లెన్సు అడిగి తీసుకున్నారు.

రెండు పరీక్షలు, రెండూ ఫెయిలే

ఓజు 1903 డిసెంబరు 12న టోక్యోలోని ఫుకగావా ప్రాంతంలో పుట్టారు. తండ్రిది ఎరువుల వ్యాపారం. అయిదుగురు పిల్లల్లో ఈయన రెండో కొడుకు. తొమ్మిదేళ్ల వయసులో తల్లి, తోబుట్టువులతో కలిసి తండ్రి పూర్వీకుల ఊరు మత్సుసాకాకి వెళ్లారు. తండ్రి మాత్రం వ్యాపారం చూసుకుంటూ టోక్యోలోనే ఉండిపోయారు. ఇంట్లో ఒకరు లేకుండా రోజులు ఎలా గడుస్తాయో ఓజుకి చిన్నప్పుడే తెలిసింది. తర్వాత ఆయన సినిమాల్లో తల్లో తండ్రో లేని ఇళ్లు ఎన్ని కనిపిస్తాయో లెక్కపెడితే మీకే ఆశ్చర్యం వేస్తుంది.

చదువులో ఆయనేమీ ఫస్టు ర్యాంకరు కాదు. హాస్టల్ నుంచి గెంటేస్తే రోజూ రైల్లో బడికి వెళ్లొచ్చేవారు. బడి ఎగ్గొట్టి సినిమాలు చూసేవారు, అదీ ఎక్కువగా హాలీవుడ్ సినిమాలే. స్కూలు చదువు ముగిశాక 1921లో కోబేలోని వాణిజ్య కళాశాల ప్రవేశ పరీక్ష రాశారు. తప్పారు. మరుసటేడు టీచర్ ట్రైనింగ్ కాలేజీ పరీక్ష రాశారు. అదీ పోయింది.

అప్పుడేం చేశారు? కొండల మధ్య ఉన్న ఓ పల్లెబడిలో తాత్కాలిక టీచరుగా చేరారు. ఏడాదిపాటు పాఠాలు చెప్పారు. సెలవు దొరికితే చాలు, సినిమా కోసం దూరంలో ఉన్న పట్నానికి పరుగు. 1923 వసంతంలో టోక్యోకి తిరిగొచ్చేసరికి చేతిలో డిగ్రీ లేదు, ఉద్యోగం లేదు. ఉన్నదల్లా సినిమా పిచ్చి.

కెమెరా మోసే ఉద్యోగం

సినిమాల్లో చేరతానంటే తండ్రి ఒప్పుకోలేదు. ఆ రోజుల్లో జపాన్‌లో పరువైన కుటుంబాలు సినిమాని ఉద్యోగంగానే లెక్కపెట్టేవి కావు. చివరికి బంధువుల సాయంతో 1923 ఆగస్టులో షోచికు కంపెనీ వారి కమటా స్టూడియోలో చోటు దొరికింది. దర్శకత్వ శాఖలో కాదండీ, కెమెరా శాఖలో అసిస్టెంటుగా! బరువైన కెమెరాను ఓ చోటు నుంచి ఇంకో చోటికి మోయడం, స్టాండు బిగించడం లాంటి పనులు.

చేరి నెల తిరగలేదు. సెప్టెంబరు 1న కాంటో మహా భూకంపం టోక్యోను కూల్చేసింది. ఓజు వాళ్ల ఇల్లు పోయింది, అదృష్టం కొద్దీ ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. మరుసటేడు చివర్లో సైన్యంలో ఏడాది నిర్బంధ సేవకు వెళ్లాల్సొచ్చింది. తిరిగొచ్చాక 1926లో అసిస్టెంట్ డైరెక్టర్ అయ్యారు.

దర్శకుడిగా అవకాశం వచ్చిన తీరు మాత్రం తమాషాగా ఉంటుంది. 1927లో ఓ రోజు స్టూడియో క్యాంటీన్లో ఎవరో వరస తప్పి ముందుకు దూరితే, ఓజు ఒక్క గుద్దు గుద్దారు. స్టూడియో అధిపతి పిలిపించారు. మరొకరైతే క్షమాపణ చెప్పుకుని బయటపడేవారు. ఓజు తాను రాసుకున్న స్క్రిప్టు తీసి ఆయన ముందు పెట్టారు. ఆ ఏడాదే మొదటి సినిమా చేతికొచ్చింది. అది పూర్తయ్యేలోపే మళ్లీ సైన్యం నుంచి పిలుపు రావడంతో మిగతా భాగం వేరే దర్శకుడు తీయాల్సొచ్చింది.

క్యాంటీన్లో గొడవపడితే ప్రమోషన్ వస్తుందని అనుకోకండి! పిలుపు వచ్చిన రోజుకి ఆయన దగ్గర స్క్రిప్టు సిద్ధంగా ఉంది. అక్కడ గమనించాల్సింది అదే.

డిగ్రీ ఉంది గానీ...

1929లో ఓజు తీసిన ఓ మూగ సినిమా మీ కోసమే తీశారా అనిపిస్తుంది. దాని పేరుకి తెలుగులో అర్థం చెప్పుకుంటే 'కాలేజీ చదువైతే అయిపోయింది గానీ...'. జపాన్‌లో ఆర్థిక మాంద్యం మొదలైన రోజులవి. పట్టా పుచ్చుకున్న కుర్రాడు ఉద్యోగానికి వెళ్తే రిసెప్షనిస్టు పని ఉందంటారు. నా చదువుకి ఇదా అని వచ్చేస్తాడు. ఊళ్లో ఉన్న తల్లికి మాత్రం ఉద్యోగం దొరికిందని కబురు పంపుతాడు. తల్లి ఆనందంతో కాబోయే కోడల్ని వెంటబెట్టుకుని టోక్యోలో దిగిపోతుంది. ఇక చూడండి పాట్లు! రోజూ ఆఫీసుకని బయల్దేరి పార్కులో కూర్చుంటాడు. చివరికి ఇల్లు గడవక భార్య బార్‌లో పనికి వెళ్తోందని తెలిశాక, వద్దన్న అదే పని చేస్తానంటూ అదే ఆఫీసుకి తిరిగి వెళ్తాడు.

ఈ సినిమాలో ఇప్పుడు మిగిలింది పది నిమిషాలకు కాస్త అటూ ఇటూ మాత్రమే. పేరు మాత్రం అప్పట్లో జనం నోళ్లలో నానింది.

ఆ రోజుల్లో స్టూడియో ఏది ఇస్తే అది తీశారు ఓజు. కాలేజీ కుర్రాళ్ల కామెడీ, నేరస్థుల కథ, కుటుంబ కథ, ఏదైనా సరే. 1930లో ఒక్క ఏడాదిలోనే ఏడు సినిమాలు. ఆ కాలం సినిమాల్లో ఆయన కెమెరా కదులుతుంది, పక్కలకు తిరుగుతుంది, మనుషుల వెంట పరుగెడుతుంది. ఒక సన్నివేశం కరిగి మరొకటిగా మారడం లాంటి అలంకారాలూ కనిపిస్తాయి. నప్పనివి ఒక్కొక్కటిగా వదిలేస్తూ వచ్చారు. ఇన్ని తీశాకే ఆయనకు తనకేది అక్కర్లేదో తెలిసింది.

నేల మీది వైర్లు చెప్పిన పాఠం

ఓజు సినిమా ఒక్కటైనా చూసినవాళ్లకు మొదట గుర్తుండేది కెమెరా ఎత్తు. అది చాప మీద కూర్చున్న మనిషి కంటి ఎత్తులో ఉంటుంది, చాలాసార్లు అంతకంటే కిందే. ఇదేదో జపాన్ తత్త్వమని పుస్తకాలు పుస్తకాలు రాశారు. ఓజు చెప్పిన కారణం మాత్రం చాలా మామూలుది. 1928లో ఓ బార్ సెట్లో షూటింగ్ జరుగుతోంది. లైట్లు తక్కువ. ప్రతి షాటుకీ వాటిని అటూ ఇటూ జరపాలి. నేలంతా వైర్లే. షాటు మార్చినప్పుడల్లా వాటిని సర్దలేక, నేల కనిపించకుండా కెమెరాను కిందికి దించి కాస్త పైకి చూసేలా పెట్టారట. తెరమీద చూసుకుంటే నచ్చింది. తర్వాత అదే అలవాటైంది. ఆ ఎత్తు కోసం ప్రత్యేకంగా పొట్టి స్టాండు చేయించుకున్నారు.

లెన్సు విషయమూ ఇలాగే మెల్లగా తేలింది. తొలి రోజుల్లో వేరే లెన్సులూ వాడారు. పోనుపోను 50 ఎంఎం దగ్గర ఆగిపోయారు. మొదట అసిస్టెంటుగా, తర్వాత ప్రధాన ఛాయాగ్రాహకుడిగా దశాబ్దాల పాటు ఆయన వెంట ఉన్న యుహారు అత్సుతా కూడా ఈ మాటే చెప్పారు. వేరే లెన్సు పెట్టి చూసినా ఓజు మళ్లీ 50కే వచ్చేవారు.

ఎందుకు ఆ లెన్సే? ఇది అర్థం కావాలంటే లెన్సు మీద ఉండే ఎంఎం అంకె ఏం చేస్తుందో చూడాలి. అంకె చిన్నదైతే విశాలంగా కనిపిస్తుంది. పెద్దదైతే కొద్ది భాగమే, పెద్దగా కనిపిస్తుంది. ఇక్కడిదాకా అందరికీ తెలుసు. చాలామంది పట్టించుకోనిది మరొకటుంది. మనిషి ఫ్రేములో ఇంత సైజులో ఉండాలని మీరు అనుకున్నాక, లెన్సు అంకెను బట్టి మీరు ఎంత దూరంలో నిలబడాలో తేలిపోతుంది. చిన్న అంకె అయితే ముఖం మీదికి వెళ్లాలి. పెద్ద అంకె అయితే వెనక్కి జరగాలి. ముక్కు పెద్దదిగా, చెవులు చిన్నవిగా కనిపించే తేడాకి అసలు కారణం లెన్సు కాదు, మీరు నిలబడ్డ దూరం.

ఓజు కెమెరాలో ఒక ఫ్రేము ఎత్తు సుమారు 16 మిల్లీమీటర్లు. నేల మీద కూర్చున్న మనిషి, చుట్టూ కాస్త ఖాళీ కలిపి ఒక మీటరు ఎత్తు అనుకుందాం. 50 ఎంఎం లెన్సుతో అది నిండుగా పట్టాలంటే కెమెరా సుమారు మూడు మీటర్ల దూరంలో ఉండాలి. అంటే పది అడుగులు. మీ ఇంటికి చుట్టం వచ్చి గదిలో ఎదురుగా కూర్చుంటే దాదాపు ఎంత దూరంలో ఉంటారో ఆలోచించండి. మీదపడేంత దగ్గరా కాదు, కేక వేసి పిలవాల్సినంత దూరమూ కాదు. మర్యాదగా, మాట స్పష్టంగా వినిపించేంత దూరం. అదే పని 25 ఎంఎంతో చేస్తే అయిదడుగుల దగ్గరికి వెళ్లాలి. దగ్గరున్న మోకాలు పెద్దదవుతుంది, గది ఉన్నదానికంటే పొడవుగా సాగుతుంది.

ఓజు కథలన్నీ ఇళ్లలో జరుగుతాయి. కూతురి పెళ్లి, తండ్రి ఒంటరితనం, పట్నంలో స్థిరపడ్డ పిల్లలు. ఆ మనుషుల్ని చూడటానికి ఆయనకు నప్పింది చుట్టం కూర్చునే దూరం. లెన్సు ఆ దూరానికి తగ్గట్టు దొరికింది.

అంకె ఒకటే, చూపు వేరు

ఇక్కడ ఓ జాగ్రత్త. ఓజు 50 వాడారు కదా అని మీరూ మీ కెమెరాకి 50 తగిలిస్తే అదే చూపు రాదు. ఎందుకంటే ఫిల్మ్ లేదా సెన్సర్ సైజును బట్టి ఆ అంకె అర్థం మారిపోతుంది. ఫుల్ ఫ్రేమ్ స్టిల్ కెమెరాలో 50 ఎంఎం అడ్డంగా దాదాపు 40 డిగ్రీల మేర చూపిస్తుంది. ఓజు వాడిన సినిమా కెమెరాలో ఫ్రేము చిన్నది. అదే 50 అక్కడ చూపించేది సుమారు 25 డిగ్రీలే. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో ఆ చూపు కావాలంటే 80 ఎంఎం దగ్గరికి వెళ్లాలి.

మీ ఫోన్లో 1 అని ఉండే ప్రధాన కెమెరా చాలా మోడళ్లలో ఫుల్ ఫ్రేమ్ లెక్కన 24 నుంచి 26 ఎంఎంకి సమానం. అంటే 70 డిగ్రీలకు దగ్గర. ఓజు చూసినదానికి రెండున్నర రెట్లకు పైగా విశాలం! రోజూ చేతిలో ఉండేది కాబట్టి అదే మన చూపని అలవాటు పడిపోయాం. ఫోను కంపెనీ ఎంచి పెట్టిన దూరాన్ని మనమే ఎంచుకున్నామని అనుకుంటున్నాం.

50 ఎంఎం మనిషి కంటికి సమానమన్న మాట కూడా మీరు వినే ఉంటారు. నిజానికి రెండు కళ్లతో మనకు దాదాపు సగం ప్రపంచం కనిపిస్తుంది. స్పష్టంగా కనిపించేది మాత్రం మధ్యలో కొన్ని డిగ్రీలే. మిగతాదంతా కళ్లు తిప్పుకుంటూ మెదడు పేర్చుకునేదే. అందువల్ల అందరికీ సరిపడే సహజమైన అంకె ఏదీ లేదు. ఒకరి మనసు గది మొత్తం మీద ఆగుతుంది, ఇంకొకరిది చేతివేళ్ల మీద. ఆ తేడా మనిషి మనిషికీ ఉంటుంది.

సింగపూర్‌లో పెద్ద పరీక్ష

1937లో ఓజుని మళ్లీ సైన్యంలోకి లాగారు. చైనాలో దాదాపు రెండేళ్లు పనిచేశారు. ఆయన ఉన్నది రసాయన ఆయుధాలు ప్రయోగించే దళం. ఆయన జీవితం గురించి చెప్పుకునేటప్పుడు దాటవేయకూడని విషయమిది. దర్శకుడైన స్నేహితుడు సదావో యమనకా అదే యుద్ధంలో జబ్బుపడి చైనాలోనే చనిపోయారు.

1943లో ప్రచార చిత్రం తీయమని ఆయన్ని సింగపూర్ పంపారు. ఆ చిత్రం మన గురించే! సుభాష్ చంద్రబోస్ నాయకత్వంలో ఢిల్లీ వైపు సాగాలన్న భారత స్వాతంత్ర్య పోరాటం దాని కథ. కానీ యుద్ధం జపాన్‌కి ఎదురు తిరిగింది. సినిమా ముందుకు సాగలేదు. ఓజు దగ్గర బోలెడంత ఖాళీ సమయం, సైన్యం పట్టుకున్న అమెరికా సినిమాల గుట్ట మిగిలాయి. ఒక్కొక్కటే చూస్తూ కూర్చున్నారు. ఆయన్ని బాగా కదిలించింది ఆర్సన్ వెల్స్ తీసిన 'సిటిజన్ కేన్'.

ఆ సినిమా గురించి మీరు విని ఉంటారు. విశాలమైన లెన్సులతో, ముందున్న మనిషి నుంచి వెనక గోడ దాకా అన్నీ స్పష్టంగా కనిపించేలా తీసిన సినిమా అది. కెమెరా పనితనానికి ప్రపంచమంతా ముక్కున వేలేసుకుంది. ఓజు కూడా మెచ్చుకున్నారు. ఏడాది తీరిగ్గా చూసి, నచ్చి, ఇంటికొచ్చాక మనలాంటివాళ్లమైతే ఏం చేస్తాం? ఆ లెన్సు ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతాం. ఓజు అలా చేయలేదు. ఎదుటివాడి చూపును మనస్ఫూర్తిగా మెచ్చుకున్నారు, తన లెన్సు దగ్గరికి తను తిరిగొచ్చారు.

యుద్ధం ముగిశాక తీసిన ఫిల్మునూ స్క్రిప్టునూ నాశనం చేశారు. బందీగా రబ్బరు తోటల్లో పనిచేశారు. స్వదేశానికి వెళ్లే మొదటి ఓడలో తన బృందంలో అందరికీ చోటు లేకపోతే చీటీలు వేశారు. ఓజు పేరు వచ్చింది. వెళ్లాలని తహతహలాడుతున్న వేరొకరికి తన చోటిచ్చి ఆగిపోయారు. 1946 ఫిబ్రవరిలో జపాన్ చేరారు. అప్పటికి వయసు 42.

పది అడుగుల నుంచి చూసిన కన్నీళ్లు

ఆయన గొప్ప సినిమాలు చాలావరకు ఆ తర్వాత వచ్చినవే. 1949లో 'లేట్ స్ప్రింగ్', 1951లో 'ఎర్లీ సమ్మర్', 1953లో 'టోక్యో స్టోరీ'. రచయిత కోగో నోడాతో కలిసి కూర్చుని నెలల తరబడి స్క్రిప్టు రాసుకునేవారు.

'టోక్యో స్టోరీ' కథ రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ఒనోమిచి అనే సముద్రతీర పట్నం నుంచి వృద్ధ దంపతులు టోక్యోలో ఉన్న పిల్లల్ని చూడటానికి వస్తారు. పిల్లలకు తీరిక ఉండదు. యుద్ధంలో పోయిన కొడుకు భార్య మాత్రం వాళ్లను ప్రేమగా చూసుకుంటుంది. విలన్ లేడు, అరుపుల్లేవు. మీరూ హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో హాస్టల్ గదిలో ఉంటూ, అమ్మానాన్న వస్తామంటే ఇప్పుడొద్దులే అన్నవాళ్లయితే ఈ సినిమా మిమ్మల్ని కూర్చోనివ్వదు.

అందులో ఎవరైనా బాధపడుతున్నప్పుడు కెమెరా ముఖం మీదికి దూసుకెళ్లదు, మెల్లగా జరిగి దగ్గరికీ పోదు. ఉన్నచోటే కూర్చుని ఉంటుంది. దగ్గరి షాటు కావాలన్నా లెన్సు మార్చకుండా కెమెరానే కాస్త ముందుకు జరిపేవారు. ఓజు స్వయంగా వ్యూఫైండర్లో చూస్తూ టీ కప్పును ఇంచు అటు, సీసాను ఇంచు ఇటు జరిపించేవారు. ఒకే చూపుకి కట్టుబడ్డారు కాబట్టి మిగిలిన శ్రద్ధంతా మనుషుల మీద, వస్తువుల మీద పెట్టగలిగారు.

అందరికీ ఇది నచ్చిందా? లేదు. 'టోక్యో స్టోరీ'కి అసిస్టెంటుగా చేసిన షోహెయ్ ఇమమురాకి ఓజు పద్ధతి ఊపిరాడనివ్వలేదు. 1954లో ఆ స్టూడియోనే వదిలి వెళ్లిపోయారు. అల్లరిగా, చెమట వాసన కొట్టేంత దగ్గరగా బతుకును చూపించే సినిమాలు తీశారు. కేన్స్ చిత్రోత్సవంలో అత్యున్నత పురస్కారం ఒకసారి కాదు, రెండుసార్లు గెలిచారు. గురువు పక్కనే నిలబడి, ఆయన కెమెరా వెనకే తిరిగి, ఇది నా చూపు కాదని తెలుసుకోవడమూ చదువే.

టోఫు కొట్టు

1950ల చివర్లో జపాన్‌లో వెడల్పు తెర సినిమాలు వెల్లువెత్తాయి. ఓజు వాటి జోలికి పోలేదు. రంగుల విషయంలో మాత్రం కంపెనీ మాట విన్నారు. 1958లో 'ఈక్వినాక్స్ ఫ్లవర్' ఆయన తొలి రంగుల చిత్రం. అప్పుడూ ఎరుపు తనకు నచ్చినట్టు వస్తుందని ఆగ్ఫా ఫిల్ము ఎంచుకున్నారు. అందులో ఇంట్లో ఓ మూల కనిపించే ఎర్ర కెటిల్‌ని ఇప్పటికీ అభిమానులు గుర్తుచేసుకుంటారు. రంగుల్లో తీసిన ఆరు సినిమాల్లో కెమెరా ఒక్కసారి కూడా కదలదు. మరుసటేడు వేరే కంపెనీకి 'ఫ్లోటింగ్ వీడ్స్' తీసినప్పుడు కెమెరా పట్టింది 'రషోమోన్' తీసిన కజువో మియగావా. అంత గొప్ప ఛాయాగ్రాహకుడు వచ్చినా కెమెరా మాత్రం ఓజు ఎత్తులోనే కూర్చుంది.

ఎప్పుడూ ఇదేనా అని అడిగేవాళ్లకి, తనను టోఫు చేసేవాడిగా అనుకోమనేవారు. సోయా పాలతో చేసే, పనీర్‌లాంటి పదార్థం టోఫు. ఆ కొట్లో టోఫు రకాలే దొరుకుతాయి, వేరే వంటకాలు అడిగితే ఎలా అన్నది ఆయన ఉద్దేశం.

ఓజు పెళ్లి చేసుకోలేదు, తల్లితోనే ఉన్నారు. ఆమె 1962లో కన్నుమూశారు. ఆ ఏడాదే ఆయన ఆఖరి సినిమా 'ఏన్ ఆటమ్ ఆఫ్టర్‌నూన్' వచ్చింది. క్యాన్సర్‌తో 1963 డిసెంబరు 12న, సరిగ్గా అరవయ్యో పుట్టినరోజు నాడు ఓజు చనిపోయారు. విదేశాల్లో ఆయన పేరు మారుమోగింది ఎక్కువగా ఆ తర్వాతే. 2012లో బ్రిటన్ పత్రిక 'సైట్ అండ్ సౌండ్' ప్రపంచ దర్శకుల ఓటింగ్ నిర్వహిస్తే 'టోక్యో స్టోరీ' మొదటి స్థానంలో నిలిచింది.

ఓజు పోయిన ఇరవై ఏళ్లకు జర్మన్ దర్శకుడు విమ్ వెండర్స్ టోక్యో వెళ్లి 'టోక్యో-గా' అనే డాక్యుమెంటరీ తీశారు. వృద్ధుడైన అత్సుతా అందులో ఆ పొట్టి స్టాండునీ, ఆ లెన్సునీ చూపిస్తారు. అదే సినిమాలో వెండర్స్ ఓ ప్రయోగం చేశారు. రాత్రిపూట బార్లున్న ఓ సందును తన పద్ధతిలో ఒకసారి తీశారు. తర్వాత అదే సందును ఓజు 50తో తీశారు. రెండో బొమ్మ చూసి, అది తనది కాదని ఒప్పుకున్నారు. లెన్సు అరువు దొరికింది గానీ చూపు దొరకలేదు.

మరి మీ అంకె ఏది?

దీనికి కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. ముందు మీ గ్యాలరీ తెరవండి. ఎవరో అడిగితే తీసినవి, లైకులు వచ్చినవి పక్కన పెట్టండి. మీకు మీరు నచ్చి తీసుకున్న ఓ యాభై ఫొటోలు ఏరండి. ఒక్కో ఫొటో వివరాల్లోకి వెళ్తే ఎంత ఎంఎంతో తీశారో చాలా ఫోన్లలో కనిపిస్తుంది. కాగితం మీద రాసుకోండి. తీశాక మీరు కత్తిరించినవి ఉంటే అవీ గుర్తుపెట్టండి. ప్రతిసారీ చుట్టూ కత్తిరిస్తున్నారంటే మీ చూపు ఫోను చూపించేదానికంటే ఇరుకైనదని అర్థం. ఇంకొంచెం వెనక్కి జరిగుంటే బాగుండేదని తరచూ అనిపిస్తుంటే, విశాలమైనదని అర్థం.

తర్వాత కెమెరా తీయకుండా ఓ వారం నడవండి. టీ కొట్టు దగ్గర, బస్టాండులో, ఇంట్లో. ఏదైనా చూడాలనిపించినప్పుడు మీ కాళ్లు ఎంత దూరంలో ఆగుతున్నాయి? అయిదడుగులా, పదా, ఇరవయ్యా? అక్కడే నిలబడి అప్పుడు ఫోను తీయండి. ఏ అంకె నొక్కితే మీరు చూసినది చూసినట్టు ఫ్రేములో పడుతోందో చూడండి. 2 నొక్కితే చాలా ఫోన్లలో అది ఫుల్ ఫ్రేమ్ 50 ఎంఎంకి దగ్గర. 3 నొక్కితే ఓజు చూపుకి దగ్గర. ఏపీఎస్-సీ సెన్సర్ కెమెరా ఉన్నవాళ్లకు 35 ఎంఎం పెడితే ఇంచుమించు 50 చూపు వస్తుంది.

ఓ అంకె తేలాక నెల రోజులు దాన్ని మార్చకండి. జూమ్ లెన్సయితే ఆ అంకె దగ్గర రింగు కదలకుండా టేపు వేసేయండి. దగ్గరికి కావాలంటే నడవండి, దూరం కావాలంటే వెనక్కి నడవండి. మొదటి వారం చిరాకేస్తుంది. మూడో వారానికి, కెమెరా ఎత్తకముందే ఫ్రేము ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కంటికి తెలిసిపోతుంది. ఒకవేళ నెల తిరిగినా ఊపిరాడకపోతే? ఇమమురాని గుర్తు తెచ్చుకుని వేరే అంకెతో మళ్లీ మొదలుపెట్టండి. ఆ నెల వృథా కాదు.

ఉద్యోగంలో చేరాక పెళ్లికైనా ప్రకటనకైనా పని అడిగిన లెన్సు పెట్టాల్సిందే. ఓజు కూడా 1930లో అడిగిన సినిమాలన్నీ తీశారు. పోర్ట్‌ఫోలియో మాత్రం మీ సొంతం. అన్ని రకాల లెన్సులతో తీసిన రెండొందల ఫొటోలు చూపిస్తే, మీకు కెమెరా నడపడం వచ్చని ఎదుటివాళ్లకు తెలుస్తుంది. ఒకే దూరం నుంచి శ్రద్ధగా తీసిన ఇరవై చూపిస్తే, మీరు మనుషుల్ని ఎలా చూస్తారో తెలుస్తుంది. రేపు ఇంటర్వ్యూకి వెళ్లే ముందు ఆ ఇరవై ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే ఈ ఆదివారమే మొదలుపెట్టండి.